పాదాలకు వైద్యుడెవరు?

వుజూలో చివరగా కడిగే అవయవం పాదం. మన శ్రద్ధలోనూ అది చివరిదే. ముఖానికి అద్దం ఉంది, తలకు దువ్వెన ఉంది, చేతికి అత్తరు ఉంది. పాదాన్ని మాత్రం అది బాధించినప్పుడే తలచుకుంటాము. సర్వశక్తిమంతుడైన అల్లాహ్ ఒక్కొక్క పాదంలో 26 ఎముకలను, 33 కీళ్లను అమర్చి, నూరుకు పైగా కండరాలతో, స్నాయువులతో వాటిని బిగించి, దేహభారమంతటినీ ఆ జానెడు స్థలంపై నిలబెట్టాడు. ఖియామ్‌లో మనలను నిలబెట్టేది ఆ పాదాలే. సజ్దాలో నేలకు ఆనే ఏడు అవయవాలలో కాలివేళ్లు కూడా ఉన్నాయి.

కన్ను మసకబారితే కంటి వైద్యుని వద్దకు, పన్ను కదిలితే పంటి వైద్యుని వద్దకు వెళ్లాలని పిల్లలకు కూడా తెలుసు. మరి పాదానికి పుండు పడితే, మడమ నొప్పి పుడితే, చీలమండ వాస్తే ఎవరి వద్దకు వెళ్లాలి? ఏలూరు పవర్‌పేటలో అడిగినా, తాడేపల్లిగూడెం బజారులో అడిగినా పదిమంది పది జవాబులు చెబుతారు. ఎముకల డాక్టరు అంటాడొకడు, షుగరు డాక్టరు అంటాడు మరొకడు, కొబ్బరినూనె రాసి చూడమంటుంది పొరుగింటి ఖాలా. ఈ అయోమయంలోనే రోజులు గడిచిపోతాయి. పాదం విషయంలో గడిచిపోయిన రోజులకు కొన్నిసార్లు వేళ్లు, కొన్నిసార్లు కాలు మూల్యంగా చెల్లించవలసి వస్తుంది. అందుకే ఈ నెల ఈ విషయాన్ని కొంత వివరంగా పాఠకుల ముందుంచుతున్నాము.

పోడియాట్రిస్టు అంటే ఎవరు?

పాశ్చాత్య దేశాలలో పాదాలకు, చీలమండలకు ప్రత్యేక వైద్యులున్నారు. వారిని పోడియాట్రిస్టులు అంటారు. అమెరికాలో పాదవైద్యం కోసమే నాలుగేళ్ల వైద్య కళాశాల చదువు, ఆపై ఆసుపత్రిలో శిక్షణ ఉన్నాయి. బ్రిటన్‌లో అది పట్టా చదువు. పేరు నమోదు చేసుకోకుండా అక్కడ ఎవరూ ఆ పేరుతో బోర్డు కట్టుకోలేరు. మన దేశంలో ఇది ఇంకా వేరు వృత్తిగా స్థిరపడలేదు. పెద్ద నగరాలలోని కొన్ని మధుమేహ ఆసుపత్రులలోను, వైద్య కళాశాలలలోను పాద విభాగాలున్నాయి. అక్కడ పనిచేసేవారు చాలావరకు జనరల్ సర్జన్లు, ఎముకల వైద్యులు, మధుమేహ వైద్యులే. వారు పాదంపై అదనపు శిక్షణ పొందినవారు.

కనుక మన ప్రాంతంలో పాదానికి వైద్యుణ్ణి ఎంచుకోవడమంటే ఒక బోర్డు కోసం వెదకడం కాదు. మన బాధ ఏ కోవకు చెందినదో తెలుసుకుని, ఆ కోవలో పాదాన్ని శ్రద్ధగా చూసే వైద్యుణ్ణి గుర్తించడం. తెలియని విషయాన్ని తెలిసినవారిని అడగమని దివ్యఖుర్ఆన్ మనకు బోధిస్తుంది. ఎవరికి ఏమి తెలుసో తెలుసుకోవడం ఆ అడగడంలో మొదటి మెట్టు.

నొప్పి లేని పుండే ప్రమాదకరం

కొల్లేటి గట్టున ఒక గ్రామం నుండి చేపల చెరువులో పనిచేసే ఒక సోదరుడు మా వద్దకు దుఆ కోసం వచ్చాడు. అతనికి ఎనిమిదేళ్లుగా మధుమేహం ఉంది. చెప్పులోని మేకు బొటనవేలి కింద గుచ్చుకుని పుండైంది. మూడు వారాలుగా ఊరిలోనే కట్టు కట్టించుకుంటున్నాడు. ఇన్ని రోజులు ఎందుకు ఆగావని అడిగితే అతడు, "నొప్పి లేదు కదా మౌలానా సాబ్! నొప్పి ఉంటే ఆగుతానా?" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. నొప్పి నిజంగానే లేదు. అతని పాలిట విపత్తు కూడా అదే. చివరకు ఏలూరులో ఒక శస్త్రవైద్యుడు రెండు వేళ్లు తీసివేసి కాలిని కాపాడగలిగాడు. మరొక వారం గడిచి ఉంటే మోకాలి కింద వరకు పోయేదని ఆ వైద్యుడు చెప్పాడట.

దీర్ఘకాలం అదుపు తప్పిన మధుమేహం పాదంలోని నరాలను మొద్దుబారుస్తుంది. మొదట తిమ్మిరి, మంటలు, దూదిపై నడుస్తున్నట్లు అనిపించడం. ఆ తర్వాత ఏమీ తెలియకపోవడం. చెప్పు జారిపోయినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు, వేడినీళ్లు బొబ్బలెక్కించినా తెలియదు. అదే సమయంలో రక్తనాళాలు కూడా సన్నబడతాయి. రక్తం అందని చోట పుండు మానదు. మధుమేహం వల్ల కాలు కోల్పోయినవారిలో సుమారు 85 శాతం మందికి అంతకుముందు ఒక పుండు ఉండినదని వైద్యశాస్త్రం చెబుతున్నది. అనగా ఆ పుండు దశలో సరైన వైద్యుడు దొరికి ఉంటే వారిలో చాలామంది కాళ్లు నిలిచేవి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహగ్రస్తులు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మన మహల్లాలలో ఆ వ్యాధి లేని ఇల్లు వెదకడం కష్టమవుతున్నది.

నొప్పి తెలియకపోవడమే పాదాన్ని నాశనం చేస్తుందని లోకానికి స్పష్టంగా చూపించిన పరిశోధన మన దక్షిణ భారతదేశంలోనే జరిగింది. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. కుష్ఠురోగుల వేళ్లు వ్యాధి వల్ల కుళ్లి రాలిపోతాయని ఆనాడు అందరూ నమ్మేవారు. రోగులను ఏళ్ల తరబడి గమనించి ఆయన ఆ నమ్మకాన్ని తిరస్కరించారు. వేళ్లు కుళ్లడం లేదు. నొప్పి తెలియక రోగులు రోజూ చేసుకునే చిన్న చిన్న గాయాలే, నడకలో ఒకే చోట పడే ఒత్తిడే పాదాన్ని తినివేస్తున్నాయని నిరూపించారు. మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు తయారుచేయించడం, పుండుపై భారం పడకుండా పాదమంతటికీ అంటి ఉండే కట్టు వేయడం వంటి పద్ధతులు అక్కడ ఆచరణలోకి వచ్చాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్‌కు వెళ్లి, అదే పాఠాన్ని మధుమేహ రోగులకు వర్తింపజేశారు. నేడు ప్రపంచమంతటా మధుమేహ పాదానికి చేసే చికిత్సలో పుండుపై భారం తగ్గించడం మూలసూత్రం. మనం శాపమనుకునే నొప్పి నిజానికి కాపలాదారు. కాపలాదారు లేని ఇంటికి యజమానే మేలుకొని ఉండాలి.

ఏ బాధకు ఏ వైద్యుడు?

ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లుండి, నాలుగు అడుగులు వేశాక తగ్గే నొప్పి చాలామందికి తెలుసు. ఫజ్ర్ నమాజుకు లేచినప్పుడు గోడ పట్టుకుని నడిచేవారు ప్రతి మసీదులోనూ ఉంటారు. ఇది సాధారణంగా అరికాలి పొర వాపు. దీనికి ఎముకల వైద్యుడు, అతనితోపాటు ఫిజియోథెరపిస్టు తగినవారు. పిక్కను, అరికాలిని సాగదీసే వ్యాయామాలు, మెత్తని అడుగు ఉన్న చెప్పులు, బరువు తగ్గించుకోవడం, కొంత ఓర్పు: ఇవే దీని చికిత్స. అత్యధికులకు ఏడాదిలోపు శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది. ఎక్స్‌రేలో మడమ వద్ద ఎముక ముల్లు కనిపించినంత మాత్రాన దానిని కోయించుకోవాలని కంగారుపడనక్కరలేదు. అటువంటి ముల్లు నొప్పి లేనివారిలో కూడా కనిపిస్తుంది.

చీలమండ మడతపడి వాచినప్పుడు రెండు విషయాలు చూడాలి. నాలుగు అడుగులు వేయగలుగుతున్నారా? చీలమండకు ఇరువైపులా ఉన్న ఎముక గుబ్బల వెనుక అంచును నొక్కితే నొప్పి ఉన్నదా? అడుగు వేయలేకపోయినా, ఎముకపై నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యునికి చూపాలి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ సోదరులకు ఈ బెణుకులు తరచుగా అవుతుంటాయి. ఎక్స్‌రే లేకుండా నాటు కట్టు కట్టించుకుని, వంకరగా అతుకుకున్న చీలమండతో జీవితాంతం కుంటేవారిని చూస్తూనే ఉన్నాము.

బొటనవేలి మొదలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పి పుడితే అది యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. దీనికి జనరల్ ఫిజీషియన్ లేదా కీళ్లవాత నిపుణుడు కావాలి.

నడుస్తుంటే పిక్కలు పట్టివేసి, ఆగితే తగ్గిపోయే నొప్పి, చల్లబడిన పాదం, నల్లబడుతున్న వేలు రక్తప్రసరణకు సంబంధించినవి. బీడీ, సిగరెట్టు తాగేవారిలో ఇవి ఎక్కువ. వాస్క్యులర్ సర్జన్ అనే రక్తనాళాల శస్త్రవైద్యుడు చూడవలసిన విషయమిది. పాదం అకస్మాత్తుగా పాలిపోయి చల్లబడితే గంటలలోనే పెద్ద ఆసుపత్రికి చేరాలి.

వేళ్ల సందులు నీటిలో నాని తెల్లబడి ఒలిచిపోవడం, గోళ్లు పసుపుబారి మందంగా మారడం వంటివి చర్మవైద్యుని పరిధి. చేపల, రొయ్యల చెరువులలో గంటల తరబడి నిలబడేవారికి, వరిచేలలో దిగేవారికి ఇది సాధారణం. అయితే ఈ పగుళ్లే పెద్ద అంటువ్యాధులకు వాకిళ్లని మరువరాదు.

కాలు క్రమంగా ఉబ్బి గట్టిపడే బోదకాలు గోదావరి జిల్లాలకు పాత శత్రువు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దానిని మోస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి మందులు, సలహా ఉచితంగా లభిస్తాయి. ముదిరిన వాపు పూర్తిగా పోకపోయినా, రోజూ సబ్బుతో కడిగి, మడతల మధ్య తడి లేకుండా తుడిచి, కాలిని ఎత్తులో ఉంచుకుంటే జ్వరంతో వచ్చే వాపు దాడులు బాగా తగ్గుతాయి.

ఇక పిల్లల సంగతి. చిన్నపిల్లల పాదాలు చదునుగా కనిపించడం సహజం. అరికాలి వంపు వయసుతోపాటు ఏర్పడుతుంది. నొప్పి లేకుండా ఆడుకునే బిడ్డకు ఖరీదైన బూట్లు అవసరం లేదు. పుట్టుకతోనే పాదం లోపలికి మెలి తిరిగి ఉంటే మాత్రం ఒక వారం కూడా ఆలస్యం చేయరాదు. పోన్సెటి పద్ధతిలో వారానికొకటి చొప్పున అయిదారు పిండికట్లు, చాలామందికి మడమ నరంపై ఒక చిన్న కోత, ఆపై నాలుగైదేళ్ల వయసు వరకు రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు: ఇంతటితో ఆ బిడ్డ అందరిలా నడుస్తాడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ లోపానికి ఉచిత చికిత్స ఉన్నది. గ్రహణం పట్టిందని, నసీబు అని బిడ్డను ఇంట కూర్చోబెట్టడం అమానత్‌కు ద్రోహం.

అన్నిటికంటే ముఖ్యమైనది మధుమేహ పాదం. తిమ్మిరి దశలో మధుమేహ వైద్యుడు, పుండు పడితే మధుమేహ పాదాలకు చికిత్స చేసే అనుభవమున్న సర్జన్ కావాలి. పుండు లేకపోయినా, నొప్పి లేకపోయినా, ఒక పాదం మాత్రమే ఎర్రగా, వెచ్చగా వాచితే దానిని తేలికగా తీసుకోరాదు. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. దీనిని షార్కో పాదం అంటారు. ఈ దశలో కట్టు వేసి భారం తప్పించకపోతే పాదం ఆకారమే మారిపోతుంది.

మంచి వైద్యుణ్ణి గుర్తించే గుర్తులు

వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు హెచ్చరించిన హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. వైద్యునిపై బాధ్యత ఉన్నట్లే, చూసి ఎంచుకోవలసిన బాధ్యత రోగి కుటుంబంపైనా ఉన్నది. కొన్ని గుర్తులు చెబుతాము.

మొదటి గుర్తు: ఆయన మీ చెప్పులు, మేజోళ్లు విప్పిస్తాడు. రెండు పాదాలనూ చూస్తాడు, వేళ్ల సందులు తెరిచి చూస్తాడు. కుర్చీలో కూర్చునే చీటీ రాసి ఇచ్చే వైద్యుడు ఎంత పేరున్నవాడైనా పాదానికి సరిపోడు.

రెండవ గుర్తు: స్పర్శను పరీక్షిస్తాడు. మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో అరికాలిపై అక్కడక్కడ తాకించి, కళ్లు మూసుకుని ఎక్కడ తెలిసిందో చెప్పమంటాడు. ఆ పోగు వంగడానికి పది గ్రాముల ఒత్తిడి చాలు. అది తెలియని పాదం ప్రమాదంలో ఉన్న పాదం. ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలిపై ఆనించి కంపనం తెలుస్తున్నదా అని కూడా అడుగుతాడు. ఈ పరీక్షలకు అయిదు నిమిషాలు చాలు, పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు.

మూడవ గుర్తు: నాడి చూస్తాడు, చేతిది కాదు, పాదానిది. పాదం పైభాగాన, చీలమండ లోపలి వైపు వెనుక రెండు నాడులు ఉంటాయి. అవి అందకపోతే చీలమండ వద్ద, చేతి వద్ద రక్తపోటును పోల్చే పరీక్ష చేయిస్తాడు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే రక్తనాళాలు మూసుకుపోతున్నట్లు లెక్క. మధుమేహంలో నాళాలు గట్టిపడి ఈ అంకె పెరిగి మోసగించవచ్చు కాబట్టి అవసరమైతే డాప్లర్ పరీక్ష కూడా రాస్తాడు.

నాలుగవ గుర్తు: పుండు ఉంటే దాని లోతు చూస్తాడు, ఎముక తగులుతున్నదేమో పరీక్షిస్తాడు, ఎక్స్‌రే తీయిస్తాడు, చచ్చిన చర్మాన్ని తొలగిస్తాడు. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చి పంపడు. అంటువ్యాధి లేని పుండుకు ఆ మందుతో పనే లేదు. ఆ పుండుపై భారం పడకుండా ఏమి చేయాలో తప్పక చెబుతాడు. కట్టు ఎంత మంచిదైనా, అదే పుండుపై రోజంతా నడిస్తే అది మానదు.

అయిదవ గుర్తు: మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతాడు. స్పర్శ, రక్తప్రసరణ బాగున్న మధుమేహ రోగి ఏడాదికొకసారి పాదపరీక్ష చేయించుకుంటే చాలు. స్పర్శ గాని, రక్తప్రసరణ గాని తగ్గినవారు ఆరు నెలల నుండి ఏడాదిలోపు, ఆ రెండూ తగ్గినవారు, లేదా వాటిలో ఒకదానితోపాటు పాదం ఆకారం మారినవారు మూడు నుండి ఆరు నెలలకొకసారి, మునుపు పుండు పడినవారు ఒకటి నుండి మూడు నెలలకొకసారి చూపించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

ఇవిగాక, చీటీపై వైద్య మండలి రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. కాలు తీసివేయాలని చెప్పినప్పుడు, ప్రాణానికి తక్షణ ప్రమాదం లేకపోతే, రక్తనాళాల వైద్యుని అభిప్రాయం కూడా తీసుకోవడం మన హక్కు. ఆ మాట విని కోపగించుకోని వైద్యుడు ఉత్తముడు. అయితే విషం పైకి పాకుతున్నదని ఇద్దరు నిపుణులు ఏకాభిప్రాయంతో చెబితే తిరస్కరించరాదు. తాబియీన్లలో గొప్ప పండితులైన ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహి) వారి పాదానికి కుళ్లు వ్యాధి సోకినప్పుడు, అది పైకి వ్యాపిస్తుందని వైద్యులు చెప్పగా ఆయన కాలు తీయించుకుని, సహనంతో అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలిపారని చరిత్రకారులు రాశారు. సబ్ర్ అంటే చికిత్స మానడం కాదని ఆ మహనీయుని జీవితం మనకు నేర్పుతున్నది.

మన ప్రాంతంలో ఎక్కడికి?

కొల్లేటి లంక గ్రామాలవారికి దూరమే పెద్ద సమస్య. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోయే ఆ సరస్సు చుట్టూ బతుకంతా నీటిలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి నీటిలో నడిచాయి. జెల్ల ముల్లు గుచ్చుకోవడం, గాజుపెంకు కోసుకోవడం, చేపలను పెట్టెలలో సర్దేటప్పుడు ఐసుపై నిలబడడం ఇక్కడ రోజువారీ సంగతులు. ఊరి ఆర్.ఎం.పి. గారు అర్ధరాత్రి కూడా తలుపు తీస్తారు. ఆ సేవను మేము తక్కువ చేయము. కాని మధుమేహ రోగి పాదానికి గాయమైతే ఆయన చేయవలసిన మేలు ఒక్కటే: శుభ్రంగా కట్టు కట్టి, మరునాటికల్లా పట్నానికి పంపడం.

కైకలూరు, ఆకివీడు ప్రభుత్వ ఆసుపత్రులలో షుగరు పరీక్ష, గాయం శుభ్రపరచడం, ధనుర్వాతం సూది లభిస్తాయి. తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన సర్వజన ఆసుపత్రి, అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రి ఉన్నాయి. ఒకే ప్రాంగణంలో సర్జరీ, ఎముకల, చర్మ, జనరల్ మెడిసిన్ విభాగాలుండడం వైద్య కళాశాల ఆసుపత్రుల ప్రత్యేక లాభం. పాదానికి కావలసింది ఒక వైద్యుడు కాదు, కలిసి పనిచేసే బృందం. రక్తనాళాల శస్త్రచికిత్స అవసరమైతే ఏలూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న విజయవాడకు, లేదా మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లవలసి రావచ్చు. బయలుదేరే ముందు ఫోను చేసి, రక్తనాళాల వైద్యుడు ఏ రోజులలో ఉంటారో కనుక్కోవడం మంచిది. అర్హత ఉన్న కుటుంబాలు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకం కింద తమ చికిత్స వస్తుందేమో చేరడానికి ముందే ఆసుపత్రిలోని కౌంటరులో అడగాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, దుర్వాసన వస్తున్నా, చర్మం నల్లబడినా, జ్వరం వచ్చినా వైద్యుణ్ణి ఎంచుకునే సమయం మించిపోయింది. ఆ రోజే, ఆ గంటలోనే, దగ్గరలోని పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చేయకూడనివి

ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం, మందుల దుకాణంలో దొరికే ఆనెకాయ పట్టీలు అంటించడం మధుమేహ రోగులకు నిషిద్ధం. ఆ పట్టీలలోని ఆమ్లం ఆనెను, మంచి చర్మాన్ని వేరుచేసి చూడదు. పుండుపై పసుపు, కాఫీపొడి, బూడిద, ఆకు పసర్లు వేయరాదు. మసీదులో దమ్ చేయించుకున్న నీటిని పుండుపై పోసేవారిని కూడా చూస్తుంటాము. దుఆ చేయించుకోండి, తప్పక చేయించుకోండి. ఆ నీరు తాగండి. పుండును మాత్రం వైద్యునికి అప్పగించండి. ప్రతి వ్యాధికీ మందును సృష్టించినవాడు అల్లాహ్‌యేనని, చికిత్స చేయించుకొమ్మని బోధించినవారు ప్రవక్త మహనీయులే. దుఆకు, మందుకు మధ్య వైరం లేదు.

వుజూ, నమాజు, పాదం

పాదానికి కట్టు ఉన్నప్పుడు వుజూ ఎలా అని చాలామంది అడుగుతుంటారు. నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే కట్టుపై తడిచేతితో మసహ్ చేస్తే సరిపోతుంది. గాయమున్న ఒక సహచరునికి ఇతరులు స్నానం తప్పదని చెప్పగా అతడు స్నానం చేసి మరణించిన సంఘటనపై ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడగకపోవడమే రోగమని, అడగడమే దానికి మందని ఆయన భావం. తడపవద్దన్న పుండును తడపడం పుణ్యం కాదు. కాలు మోపవద్దని వైద్యుడు చెబితే కూర్చుని నమాజు చేయడంలో దోషం లేదు.

వుజూలో వేళ్ల సందులలోకి చిటికెనవేలు పోనిచ్చి కడగడం ప్రవక్త సంప్రదాయం. మధుమేహ రోగికి ఇది రోజుకు అయిదుసార్లు జరిగే పాదపరీక్ష. ఆ వేలికి చెమ్మ తగిలినా, పగులు తగిలినా అప్పుడే తెలుస్తుంది. కడిగిన తర్వాత మెత్తని గుడ్డతో సందులను పొడిగా తుడుచుకోవాలి. చలికాలంలో వేడినీటిని కాలితో కాక మోచేతితో పరీక్షించుకోవాలి. స్పర్శ తగ్గినవారు ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం మసీదు ప్రాంగణంలోని కాలిన బండలపై వట్టికాళ్లతో నడవరాదు, మేజోళ్లు తొడుక్కోవాలి. తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు తిరగేసి, లోపల రాయి గాని మేకు గాని ఉన్నదేమో చేతితో తడిమి చూసి వేసుకోవాలి. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు కొత్త చెప్పులతో ప్రయాణమవరాదు. నెల ముందే వాడి అలవాటు చేసుకోవాలి.

ఇంటివారి బాధ్యత

అరికాలిని ఎవరికి వారు చూసుకోవడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది అసాధ్యం. కనుక ఇది కుటుంబం చేయవలసిన పని. ఇషా నమాజు తర్వాత అబ్బాజాన్ పాదాలను కొడుకు, అమ్మీ పాదాలను కూతురో కోడలో ఒక నిమిషం దీపపు వెలుగులో చూడాలి. ఒంటరిగా ఉండేవారు నేలపై అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. తల్లిదండ్రుల పాదాల సేవ అని మనం చెప్పుకునే మాటకు ఇంతకంటే నిజమైన అర్థం మరొకటి మాకు తోచదు.

స్త్రీల విషయంలో మరొక ఆటంకం ఉన్నది. పరాయి పురుషునికి కాలు చూపడానికి సంకోచించి నెలల తరబడి పుండును దాచుకునే తల్లులున్నారు. నిపుణురాలైన వైద్యురాలు దొరికితే ఆమె వద్దకే వెళ్లండి. దొరకనప్పుడు అవసరమైనంత భాగాన్ని వైద్యునికి చూపడాన్ని ధర్మపండితులు అనుమతించారు. భర్తో, కుమారుడో వెంట ఉండవచ్చు. హయా విశ్వాసంలో భాగమే. కాని అవయవాన్ని పోగొట్టుకొమ్మని హయా ఎవరికీ చెప్పదు. మనలను మనం చేజేతులా వినాశనంలోకి నెట్టుకోరాదన్నది దైవాజ్ఞ.

రేపు ప్రళయదినాన మన కాళ్లు కూడా సాక్ష్యం చెబుతాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది. అవి ఎటు నడిచాయో చెప్పే ముందు, ఇక్కడ వాటిని నడవనిచ్చామా లేదా అన్నది మన చేతిలోని పని. ఈ రాత్రి మీ ఇంటిలోని పెద్దల పాదాలను చూడండి. మధుమేహముండి ఏడాదిగా ఏ వైద్యుడూ వారి మేజోళ్లు విప్పి చూడలేదంటే, ఈ వారమే ఒక రోజు నిర్ణయించుకోండి.

కరుణామయుడైన అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ సంపూర్ణ షిఫా ప్రసాదించుగాక! మన పాదాలను మేలు వైపు నడిపించి, తన సన్నిధిలో స్థిరంగా నిలబెట్టుగాక! ఆమీన్.